వేగవంతమైన విమానాలకు అత్యవసర పారాచూట్: ఎంపికలో చూడవలసినవి ఏమిటి?

1943 జూన్ 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎఫ్రాటా పట్టణ సమీపాన డాక్టర్ విలియం రాండాల్ఫ్ లవ్‌లేస్ అనే సైనిక వైద్యుడు బీ-17 బాంబర్ విమానం నుంచి 40,200 అడుగుల ఎత్తులో కిందికి దూకారు. చాలా ఎత్తున విమానం విడిచిన వైమానికులకు ప్రాణవాయువు అందించే పరికరాన్ని స్వయంగా పరీక్షించడం ఆయన ఉద్దేశం. విమానానికి కట్టిన తాడు లాగగానే పారాచూట్ వెంటనే తెరుచుకుంది. ఆ కుదుపునకు ఆయన స్పృహ కోల్పోయారు. చేతి తొడుగులు ఊడిపోయి, చలికి చెయ్యి గడ్డకట్టింది. అయినా ప్రాణాలతో నేలకు చేరారు.

ప్రాణవాయువు పరికరం పని చేసింది, పారాచూట్ కూడా తెరుచుకుంది. ఆయనను ప్రమాదపు అంచుకు తీసుకువెళ్లింది అది తెరుచుకున్న వేళ తగిలిన దెబ్బ. వేగంగా ప్రయాణించే విమానాల పైలట్లు అత్యవసర పారాచూట్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. పారాచూట్ తెరుచుకుంటే సరిపోదు. తెరుచుకునే క్షణంలో గొడుగు చిరగకూడదు, తాళ్లు తెగకూడదు, పట్టీలు విడిపోకూడదు, ధరించిన మనిషి శరీరం ఆ దెబ్బను తట్టుకోవాలి.

ఈ పారాచూట్ ఎవరికి అవసరం?

ఆధునిక యుద్ధవిమానాలలో పైలట్‌కు ఈ ఎంపికతో పని లేదు. ఎజెక్షన్ సీటులోనే పారాచూట్ అమర్చి ఉంటుంది. సీటు పైకి ఎగిరిన వెంటనే ఒక చిన్న పారాచూట్ విచ్చుకుని వేగాన్ని తగ్గిస్తుంది. విమానం బాగా ఎత్తున ఉంటే, కిందికి దిగేవరకూ ప్రధాన గొడుగును యంత్రమే ఆపి ఉంచుతుంది. అంటే ఎప్పుడు తెరవాలన్న నిర్ణయం సీటుదే.

హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో ప్రాథమిక శిక్షణకు దశాబ్దాల పాటు వాడిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానాలలో ఎజెక్షన్ సీటు లేదు. 2009 జులైలో ఇద్దరు పైలట్లు మరణించిన ప్రమాదం తరువాత వాటిని నిలిపివేశారు. 2013 నుంచి వాటి స్థానంలోకి వచ్చిన పిలాటస్ పీసీ-7 మార్క్-2 విమానాలలో ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి.

అయితే ప్రపంచంలో ఎజెక్షన్ సీటు లేకుండానే వేగంగా ఎగిరే విమానాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. విన్యాసాలు చేసే విమానాలు, పందెపు విమానాలు, రెండవ ప్రపంచ యుద్ధం నాటి పాత యుద్ధవిమానాలు, యజమానులు సొంతంగా నిర్మించుకునే తేలికపాటి విమానాలు ఈ కోవలోనివి. సైన్యం వదిలివేసిన ఎల్-39 వంటి శిక్షణ జెట్లను కొనుక్కున్న పౌరులు అందులోని ఎజెక్షన్ సీట్లను పనిచేయకుండా చేసి ఎగరడం కూడా ఉంది. ఇలాంటి పైలట్లకు వీపున ధరించిన పారాచూటే చివరి ఆధారం. దానిని ఎప్పుడు తెరవాలో నిర్ణయించవలసింది కూడా వారే.

వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి ఎంత?

గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. సముద్రమట్టం వద్ద 150 నాట్ల వేగంలో, అంటే గంటకు సుమారు 278 కిలోమీటర్ల వేగంలో, ఎదురుగాలి ఒక చదరపు మీటరుపై సుమారు 370 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. అదే 300 నాట్ల వద్ద ఆ ఒత్తిడి దాదాపు 1,490 కిలోలకు చేరుతుంది. 150 నాట్లకు తగిన పారాచూట్ 200 నాట్ల వద్ద కూడా కొంచెం అటూ ఇటుగా పని చేస్తుందిలే అనుకోవడం ఈ లెక్క తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటు. 150 నుంచి 200కు వెళ్లినప్పుడు వేగం మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. ఒత్తిడి మాత్రం 78 శాతం పెరుగుతుంది.

పారాచూట్ తెరుచుకునేటప్పుడు మనిషికి తగిలే దెబ్బలు రెండు. మొదటిది, తాళ్లు పూర్తిగా సాగి బిగుసుకున్న క్షణంలో తగిలే కుదుపు. రెండవది, గొడుగులోకి గాలి నిండి అది విచ్చుకున్నప్పుడు తగిలే కుదుపు. వేగం పెరిగినకొద్దీ రెండూ పెరుగుతాయి.

ఎత్తు కూడా దీనికి తోడవుతుంది. కాక్‌పిట్‌లోని వేగసూచి ఎదురుగాలి ఒత్తిడి ఆధారంగా వేగాన్ని చూపుతుంది. పైకి వెళ్లినకొద్దీ గాలి పలచబడుతుంది కనుక, సూచి అదే అంకె చూపినా విమానం నిజానికి అంతకంటే వేగంగా పోతుంటుంది. 20,000 అడుగుల ఎత్తులో సూచి 150 నాట్లు చూపితే అసలు వేగం 200 నాట్లు దాటి ఉంటుంది. ఆ అదనపు వేగాన్ని కూడా గొడుగే ఆపాలి. అందుకే బాగా ఎత్తున తెరిచిన పారాచూట్ మరింత గట్టిగా కుదుపుతుంది. లవ్‌లేస్ అనుభవించింది ఇదే.

పట్టీపై రాసిన అంకెలు ఏమి చెబుతాయి?

పైలట్లు ధరించే అత్యవసర పారాచూట్లకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిర్ణయించిన ప్రమాణం పేరు టీఎస్ఓ-సీ23. దీనిని అనేక దేశాలలో కొలబద్దగా తీసుకుంటారు. ఈ ప్రమాణం కాలక్రమంలో మారుతూ వచ్చింది కనుక, పేరు చివర ఉన్న అక్షరం చాలా ముఖ్యం.

పాత సీ23బీ ప్రమాణంలో రెండు తరగతులు ఉండేవి. ఒకటి సాధారణ తరగతి, రెండవది తక్కువ వేగపు తరగతి. తక్కువ వేగపు తరగతి పారాచూట్‌ను గంటకు 150 మైళ్ల లోపు, అంటే సుమారు 241 కిలోమీటర్ల లోపు, వేగం గల విమానాలలోనే వాడాలని దానిపైనే ముద్రించి ఉంటుంది.

తరువాత వచ్చిన సీ23సీ ప్రమాణంలో మూడు తరగతులు చేశారు. ‘ఏ’ తరగతికి పరిమితి 198 పౌండ్ల బరువు, 130 నాట్ల వేగం. ‘బీ’ తరగతికి 254 పౌండ్లు, 150 నాట్లు. ‘సీ’ తరగతికి 254 పౌండ్లు, 175 నాట్లు. కిలోలలో చెప్పాలంటే 198 పౌండ్లు సుమారు 90 కిలోలు, 254 పౌండ్లు సుమారు 115 కిలోలు.

1994లో వచ్చిన సీ23డీ ప్రమాణం తరగతులను తొలగించింది. ఆ పారాచూట్‌ను ఎంత బరువుకు, ఎంత వేగానికి వాడవచ్చో తయారీదారే నిర్ణయించి, పరీక్షించి, ఆ రెండు అంకెలనూ పారాచూట్‌పై ముద్రించాలి. పరీక్షలో మాత్రం ఆ బరువుకు 1.2 రెట్లు, ఆ వేగానికి 1.2 రెట్లు వేసి చూడాలి. 150 నాట్లని ముద్రించిన పారాచూట్‌ను 180 నాట్ల వద్ద పరీక్షించి ఉంటారన్నమాట.

ఈ అదనపు భాగాన్ని పైలట్ తన వాడకానికి లెక్కవేసుకోకూడదు. కొత్త పారాచూట్‌తో, చక్కగా మడిచి, నిర్ణీత పరిస్థితులలో చేసే పరీక్ష అది. అసలు ప్రమాదంలో పైలట్ దొర్లుతూ ఉండవచ్చు, తాళ్లు ఒక పక్కకు లాగబడవచ్చు, గుడ్డకు పదేళ్ల వయసు ఉండవచ్చు. ఆ అనిశ్చితి కోసమే అదనపు బలాన్ని ఉంచారు.

పోల్చి చూడడానికి మరో ఉదాహరణ ఉంది. సిరస్ ఎస్ఆర్22 విమానంలో మొత్తం విమానాన్నే కిందికి దించే పెద్ద పారాచూట్ ఉంటుంది. దానిని తెరిచి నిరూపించిన గరిష్ఠ వేగం తొలి నమూనాలలో 133 నాట్లు. ఆ విమానం అంతకంటే వేగంగానే ప్రయాణిస్తుంది. అందువల్ల అత్యవసరంలో వీలైతే ముందు వేగం తగ్గించుకోవాలని పైలట్లకు బోధిస్తారు. ఏ పారాచూట్‌కైనా ఒక వేగ పరిమితి ఉంటుంది.

కొద్దిసేపు ఆగి తెరిస్తే సరిపోదా?

ఇది సహేతుకమైన ప్రశ్న. మనిషి శరీరం గాలిలో తనంతట తానే వేగం కోల్పోతుంది. నేలకు దగ్గరి గాలిలో స్వేచ్ఛగా పడే మనిషి వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్ల వద్ద, అంటే 100 నాట్లకు కాస్త పైన, స్థిరపడుతుంది. 300 నాట్లతో అడ్డంగా పోతున్న విమానం నుంచి బయటపడిన వ్యక్తి వేగం స్థూలమైన లెక్క ప్రకారం 1 సెకనులో 200 నాట్ల లోపుకు, 2 సెకన్లలో 150 నాట్ల లోపుకు తగ్గుతుంది. ఆ 2 సెకన్లలో ఆయన కిందికి దిగేది 20 మీటర్లకు మించదు.

కనుక ఎత్తు ఉన్నప్పుడు ఆగడం మేలు. వేగంగా పోతున్న విమానం నుంచి బయటపడిన పైలట్ తగినంత ఎత్తు ఉంటే వెంటనే తాడు లాగరాదు.

కానీ వేగవంతమైన విమానాన్ని విడిచిపెట్టవలసిన స్థితి చాలాసార్లు అడ్డంగా ఎగురుతున్నప్పుడు రాదు. రెక్క విరిగినా, తోక భాగం దెబ్బతిన్నా విమానం ముక్కు కిందికి వంగి దూసుకుపోతుంది. నిట్టనిలువుగా 300 నాట్లతో దిగుతున్న విమానం నుంచి బయటపడితే, అదే 2 సెకన్లలో 200 మీటర్లకు పైగా ఎత్తు కరిగిపోతుంది. ఆపై గొడుగు విచ్చుకోవడానికి మరికొంత సమయం, మరికొంత ఎత్తు కావాలి. విన్యాసాలు, పందేలు చాలావరకు జరిగేది కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే. అక్కడ ఆగే అవకాశం ఉండదు.

బలమైన పారాచూట్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. 130 నాట్లకు తగిన పారాచూట్ ధరించిన పైలట్ వేగం తగ్గేవరకూ ఆగాలి, లేకపోతే గొడుగు చిరిగే ప్రమాదాన్ని ఎదుర్కోవాలి. ఎక్కువ వేగానికి తగిన పారాచూట్ ధరించిన పైలట్ వెంటనే తాడు లాగవచ్చు. పారాచూట్‌లోని అదనపు బలం పైలట్‌కు ఆ ఒకటి రెండు సెకన్లను ఇస్తుంది.

అందువల్ల తన విమానం సాధారణంగా ఎగిరే వేగాన్ని మాత్రమే కాక, అదుపు తప్పి కిందికి దూసుకుపోయినప్పుడు చేరగల వేగాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని పారాచూట్‌ను ఎంచుకోవాలి.

బరువు, గొడుగు పరిమాణం

ముద్రించిన రెండవ అంకె బరువు. ఇందులో శరీర బరువుతో పాటు దుస్తులు, బూట్లు, హెల్మెట్, పారాచూట్ సంచి కూడా చేరతాయని లెక్కించుకోవాలి. 95 కిలోల పైలట్ సన్నద్ధమై కూర్చున్నప్పుడు 110 కిలోలకు చేరడం అసాధారణం కాదు.

గొడుగు కింద దిగే వేగంపై ప్రమాణం ఒక హద్దు విధించింది. గరిష్ఠ బరువుతో కూడా అది సగటున సెకనుకు 24 అడుగులు, అంటే సుమారు 7.3 మీటర్లు మించకూడదు. ఇది దాదాపు 2.7 మీటర్ల ఎత్తు గోడ మీద నుంచి దూకడంతో సమానం. అనుభవం లేనివారికి, గాయపడినవారికి ఇది తేలిక కాదు. అదే గొడుగు కింద బరువు 30 శాతం పెరిగితే దిగే వేగం సుమారు 14 శాతం పెరుగుతుంది, నేలను తాకే శక్తి అంతకు మించి పెరుగుతుంది.

అలాగని ఎంత పెద్ద గొడుగైతే అంత మంచిదనీ చెప్పలేము. పెద్ద గొడుగు విచ్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, సంచి లావవుతుంది, ఇరుకైన కాక్‌పిట్‌లో కూర్చోవడం కష్టమవుతుంది. బరువుకు తగిన పరిమాణం, వేగానికి తగిన బలం, ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి. పెద్ద గొడుగు తప్పనిసరిగా బలమైన గొడుగు కాదు.

బలం ఎక్కడి నుంచి వస్తుంది?

తొలి పారాచూట్లను పట్టుతో చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నైలాన్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. అమెరికా వైమానిక దళం దీర్ఘకాలం వాడిన సీ-9 గొడుగు వ్యాసం 28 అడుగులు. దానిని 28 ముక్కోణపు గుడ్డ భాగాలతో కుడతారు. ఒక్కొక్క తాడు 550 పౌండ్ల లాగుడును తట్టుకుంటుంది. గుడ్డ, కుట్టు, తాడు, పట్టీ, లోహపు కొక్కెం, ఇవన్నీ ఒకదానికొకటి తగినట్లుగా ఉండాలి. వీటిలో బలహీనమైనది ఏదో, మొత్తం పారాచూట్ బలం దానిదే.

గుడ్డ మందాన్ని పెంచడం ఒక్కటే మార్గం కాదు. దెబ్బ తీవ్రతను తగ్గించే అమరికలు కూడా ఉన్నాయి. గొడుగు అంచును ఒక గుడ్డపట్టీతో చుట్టి ఉంచితే తాళ్లు ముందుగా పూర్తిగా సాగుతాయి, గొడుగు ఆ తరువాతే విచ్చుకోవడం మొదలవుతుంది. దీనిని డయాపర్ అంటారు. మరికొన్ని గొడుగులలో తాళ్ల గుండా కిందికి జారే స్లైడర్ ఉంటుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు అది గొడుగును ఒక్కసారిగా విచ్చుకోనివ్వదు. వేగం తగ్గినకొద్దీ కిందికి జారి దారి ఇస్తుంది. అధిక వేగానికి పారాచూట్ కొనేవారు ఈ అమరికలు ఉన్నాయా అని తయారీదారును అడగాలి.

మనిషిని మోసే పట్టీల సంగతి కూడా అంతే ముఖ్యం. తొడపట్టీలు, ఛాతీపట్టీ వదులుగా ఉంటే కుదుపు ఒకేచోట కేంద్రీకృతమై గాయం చేస్తుంది. ఇద్దరు ముగ్గురు పంచుకునే పారాచూట్‌ను ప్రతిసారీ తమ కొలతకు బిగించుకోవాలి.

పాత పారాచూట్ కొనవచ్చా?

నైలాన్‌కు ఎండ శత్రువు. చెమట, నూనె, బ్యాటరీ ఆమ్లం కూడా దానిని బలహీనపరుస్తాయి. పైకి కొత్తగా కనిపించే గుడ్డ లోపల సత్తువ కోల్పోయి ఉండవచ్చు. 1980ల ప్రాంతంలో కొన్ని రకాల గుండ్రని గొడుగులలో వాడిన వలగుడ్డలోని ఆమ్లం, దానిని ఆనుకుని ఉన్న నైలాన్‌ను క్రమంగా తినివేస్తున్నట్లు బయటపడింది. అప్పటి నుంచి ఆ గొడుగులకు ఆమ్ల పరీక్ష, గుడ్డను లాగి చూసే బల పరీక్ష చేయడం మొదలైంది.

అమెరికా నిబంధనల ప్రకారం నైలాన్ పారాచూట్‌ను అర్హత పొందిన నిపుణుడు గత 180 రోజులలో విప్పి, పరీక్షించి, తిరిగి మడిచి ఉండాలి. పట్టు వంటి సహజ దారంతో చేసినదానికి ఈ గడువు 60 రోజులు. ఈ నిపుణుడిని రిగ్గర్ అంటారు. వాడిన పారాచూట్‌ను కొనేముందు తయారీ తేదీ, ప్రమాణం పేరు, ముద్రించిన బరువు, వేగం, మడత నమోదు పత్రం, తయారీదారు చెప్పిన వాడక కాలం, ఇవన్నీ రిగ్గర్ చేత పరిశీలింపజేయాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా వేగవంతమైన విమానానికి ఆ పారాచూట్ తగదు.

భారతదేశంలో

మన దేశంలో పారాచూట్ల తయారీకి ప్రధాన కేంద్రం కాన్పూర్. 1941లో స్థాపించిన అక్కడి ఆర్డ్‌నెన్స్ పారాచూట్ ఫ్యాక్టరీ 2021 నుంచి గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్ పరిధిలో పనిచేస్తోంది. సైనిక పారాచూట్ల రూపకల్పన, పరిశోధన ఆగ్రాలోని ఏడీఆర్‌డీఈ సంస్థ చేపడుతుంది. ఇది రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ డీఆర్‌డీఓలో భాగం.

ధరించి సాధన చేయడం

1922 అక్టోబర్ 20న అమెరికాలోని డేటన్ వద్ద హెరాల్డ్ హారిస్ అనే పరీక్షా పైలట్ గాలిలో అదుపు తప్పిన విమానం నుంచి దూకి, చేతితో తెరిచే పారాచూట్ సాయంతో ప్రాణాలు దక్కించుకున్నారు. అత్యవసరంలో అలా బతికిన తొలి వ్యక్తిగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. ఆయన కిందికి పడుతూ పారాచూట్ పిడి అనుకుని ముందుగా లాగింది కాలి పట్టీకి ఉన్న అమరికను. అసలు పిడి చేతికి అందేసరికి నేల చాలా దగ్గరకు వచ్చింది.

పిడిని లాగడానికి కావలసిన బలం 22 పౌండ్లు, అంటే 10 కిలోలు మించరాదని ప్రమాణం చెబుతుంది. అయినా దాని చోటు చేతికి అలవాటు కావాలి. కొనేముందు ఆ పారాచూట్‌ను ధరించి సొంత విమానంలో కూర్చుని చూడాలి. కాక్‌పిట్ పైకప్పు మూసుకుంటుందా, నియంత్రణలన్నీ చేతికి అందుతున్నాయా, సీటు పట్టీలు విప్పేటప్పుడు పొరపాటున పారాచూట్ పట్టీలు విప్పుకునే ప్రమాదం ఉందా అని పరిశీలించాలి. పైకప్పు తొలగించడం, సీటు పట్టీ విప్పడం, బయటపడడం, పిడిని కళ్లతో చూడడం, లాగడం, ఈ క్రమాన్ని నేల మీద మళ్లీ మళ్లీ సాధన చేయాలి.

ఎంపిక క్రమం

మొదట, విమానం అదుపు తప్పినప్పుడు చేరగల వేగం ఎంతో తెలుసుకోవాలి. రెండవది, సన్నద్ధమైన పైలట్ పూర్తి బరువును తూకం వేసి చూడాలి. మూడవది, పారాచూట్‌పై ముద్రించిన వేగం, బరువు ఈ రెండింటికీ సరిపోతాయో లేదో పోల్చాలి. సాధారణంగా ఎగిరే ఎత్తు తక్కువైతే వేగం విషయంలో రాజీ పడరాదు. నాలుగవది, కుదుపును తగ్గించే అమరికలు ఉన్నాయో లేదో అడగాలి. ఐదవది, వయసు, మడత పత్రం, రిగ్గర్ పరిశీలన చూడాలి. ధర, బరువు, సౌకర్యం వీటన్నిటి తరువాతే.

విమాన వేగానికి సరిపడే పారాచూట్ దొరకకపోతే ఆ విమానాన్ని నడిపే తీరును మార్చుకోవాలి. ఎక్కువ ఎత్తులో ఎగరడం, విన్యాసాలకు కనీస ఎత్తును పెంచుకోవడం, వేగ పరిమితి పెట్టుకోవడం అందులో భాగం. విమానాన్ని ఏ ఎత్తులో విడిచిపెట్టాలో నేల మీద ఉన్నప్పుడే నిర్ణయించుకుని, ఆ ఎత్తు రాగానే సందేహించకుండా బయటపడాలి. ఎంత బలమైన పారాచూట్ అయినా ఆలస్యంగా తీసుకున్న నిర్ణయానికి సాయపడలేదు.